రాగిరేకు మీద దొరసాని

మా మాంతొవా ఊళ్ళో ఏ ఇంటి తలుపు తట్టాలన్నా ముందు ఓలిందో గోర్ని చెక్కిన అక్షరాలు చదవాల్సిందే. డాక్టరు, వకీలు, మంత్రసాని, పియానో నేర్పే ముసలమ్మ, అందరి పేర్లూ ఇత్తడి పలకల మీద అతను చెక్కినవే. సైకిలు పందేల కప్పులు, కుక్కల మెడపట్టీ బిళ్ళలు, పెళ్ళి ఉంగరాల లోపలి పేర్లు, ఆఖరికి శవపేటికల మూతకి కొట్టే పలకలు కూడా. "నా పనిలో సగం తలుపుల మీద ఎండిపోతుంది, సగం మట్టిలోకి పోతుంది" అనేవాడు. బాధగా కాదు, రేపు మంచు పడుతుందని చెప్పినంత మామూలుగా.

నోట్లో నాలుక లేని మనిషి. ఎవరేం అడిగినా "సరే" అనేవాడు. పండక్కి ముందురోజు పొద్దున వచ్చి సాయంత్రానికి కావాలన్నా సరే, చెక్కించుకున్నాక అక్షరాలు చిన్నవయ్యాయి మళ్ళీ చెక్కమన్నా సరే. మంచివాళ్ళంటే నాకు గౌరవమే. కానీ మరీ అంత మంచివాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ లోటు తీర్చడానికే దేవుడు అతనికి జెలిందాని కట్టబెట్టాడు. మా కాలవ మీది చేపల బజారులో ఆవిడ పాముల్లాంటి మలుగు చేపలు అమ్మేది. మొగుడి వంతు మాటలు కూడా ఆవిడే మాట్లాడేది. బేరమాడే వంటమనిషిని చూసి, "చేప కొంటావా, పెళ్ళి సంబంధం చూస్తున్నావా? అన్నిసార్లు తిప్పి చూడ్డానికి!" అని బజారంతా వినబడేలా అరిచేది. ఎడమ కంటి కింద కందిగింజంత పుట్టుమచ్చ. చిన్నప్పుడు పడవ తెడ్డు తగిలి ఎడమ కనుబొమ మధ్యలో తెగింది, అక్కడ మళ్ళీ వెంట్రుక మొలవలేదు. అంత నోరున్న మనిషికి కెమెరా అంటే మాత్రం చచ్చేంత భయం. వాళ్ళ పెళ్ళి ఫొటోలో ఓలిందో ఉంటాడు, పాదిరీగారు ఉంటారు, పెళ్ళికూతురి స్థానంలో ఒక అరచెయ్యి ఉంటుంది. ఆ చేతికి కొత్త ఉంగరం.

"ఫొటోకి పని సమాధి రాయి మీదే కదే ఆర్జియా. అంత తొందర నాకేం లేదు" అనేది నాతో.

నేను ఊరంతా మాయెస్త్రో అని, అంటే గురువుగారని, పిలిచే బెల్ట్రామీ ప్రెస్సులో అచ్చు ఫారాలు పుస్తకాలుగా కుట్టేదాన్ని. ప్రెస్సంటే మీరు పేపర్లు గుట్టలుగా పడే చోటు అనుకోకండి. చేత్తో చేసిన కాగితం, చేత్తో పేర్చిన అక్షరాలు, చేత్తో తిప్పే మర. ఏడాదికి ఒక్క పుస్తకం బయటికొస్తే ఆ ఏడాది పండగే. అదీ చందాదారులకి మాత్రమే. వాళ్ళు చదవడానికి కొనరు, ఉండడానికి కొంటారు. అంచులు కొయ్యని పుస్తకాన్ని కొయ్యకుండానే పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని బీరువాలో పెట్టి, బీరువా తాళం జేబులో వేసుకుంటారు. నేను అంత శ్రద్ధగా కుట్టిన పుస్తకాన్ని విప్పి చూసేవాడు ఒక్కడూ లేడే అని మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత అలవాటైంది.

ఒక ఏడు మాయెస్త్రో మా ఊరి పాత డ్యూకుల ఆస్థానంలో ఆడిన నాటకం ఒకటి అచ్చు వేద్దామనుకున్నాడు. ఎవరో ఆస్థాన గుమస్తా దొరగారి పెళ్ళికని రాసినది. పెళ్ళినాడే దొరసాని మాయమైపోతుంది, డ్యూకు అడవుల్లో వెతుకుతాడు, గొర్రెలకాపరుల మధ్య ముసుగు వేసుకుని ఆమె అతని పక్కనుంచే వెళ్ళిపోతూ ఉంటుంది. ఆఖరి అంకంలో దర్బారు మధ్యలో నిలబడి ముసుగు తీస్తుంది. నేను కుడుతూ కుడుతూ మొత్తం చదివాను. ఐదంకాలూ అందరూ మాట్లాడతారు, ఒక్కరూ అన్నం తినరు. నూట పాతిక కాపీలు, తొమ్మిది రాగిరేకు బొమ్మలు. నూట ఇరవై ఆరో కాపీ లోకంలో ఉండకూడదు, ఆ పుస్తకం విలువంతా అదే.

బొమ్మలకి మిలానులో పెద్ద పేరున్న చిత్రకారుణ్ణి మాట్లాడుకున్నారు. ఆయన బయానా పుచ్చుకుని ఆరోగ్యం బాగాలేదని సముద్రపు ఒడ్డుకి పోయాడు. మాయెస్త్రో తల పట్టుకుని కూర్చున్న ఆ రోజుల్లోనే ఆయన మేనత్త పోయింది. చర్చిలో శవపేటిక మీదికి వంగి ఎంతసేపటికీ లేవకపోతే, పాపం అత్తంటే ఎంత ప్రేమో అని బంధువులంతా కళ్ళు తుడుచుకున్నారు. ఆయన చూస్తున్నది అత్తని కాదు, మూత మీది పలకలో పేరు చుట్టూ చెక్కిన లతని. సమాధి దగ్గర్నుంచి నేరుగా ఓలిందో కొట్టుకి పోయాడు. తోడు నన్ను కూడా లాక్కుపోయాడు.

"మా అత్త పలక నువ్వేనా చెక్కింది?"

ఓలిందో భయపడ్డాడు. "అవును మాయెస్త్రో. తప్పేమైనా పడిందా?"

"బొమ్మలు చెక్కగలవా? మనుషుల్ని?"

"సరే."

"చెక్కగలవా అని అడిగితే సరే అంటావేమిటయ్యా?"

కొట్టు వెనక వంటింట్లోంచి జెలిందా గొంతు వినబడింది. "మా ఆయన్ని అడిగితే చంద్రుణ్ణి కూడా చెక్కుతానంటాడు మాయెస్త్రో. చెక్కుతాడు కూడా. మీరు గడువు మాత్రం పెట్టకండి."

గడువు పెట్టలేదు. అదే తప్పయిందేమో.

పేర్ల పలక మీద అక్షరం ఎలా చెక్కితే అలాగే చదువుకుంటాం. పుస్తకం బొమ్మ అలా కాదు. రేకుకి సిరా పూసి, కాగితం వేసి ఒత్తితే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. అందుకని మనిషిని ఎదురుగా కాక అద్దంలో చూసి చెక్కాలి. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ సూటిగా చెక్కిన చెయ్యి అది. అద్దం పక్కన పెట్టుకుని, పాడైన రేకుల మీద నెలల తరబడి తిరగేసి చెక్కడం సాధన చేశాడు. మాటలు నేర్చే పిల్లాడిలా తడబడ్డాడు. తర్వాత చెయ్యి తిరిగింది.

దర్బారులో నిలబెట్టడానికి అతనికి తెలిసిన ముఖాలు మావే. మా కసాయి ఫౌస్తో డ్యూకు అయ్యాడు. పాదిరీగారు విదూషకుడయ్యారు, ఆ సంగతి ఆయనకి ఈనాటికీ తెలీదు. నన్ను దొరసాని వెనక విసనకర్ర పట్టుకునే చెలికత్తెని చేశాడు.

"ఇంత పొడుగా నా ముక్కు?" అని అడిగాను.

"తగ్గించే చెక్కాను ఆర్జియా" అన్నాడు, నేలచూపులు చూస్తూ.

ఎనిమిది బొమ్మల్లో దొరసానికి ముసుగే. తొమ్మిదో దానికి ముఖం కావాలి. ఓలిందో పెళ్ళాం వైపు చూశాడు. ఆవిడ పడీ పడీ నవ్వింది. "నన్నా? దొరసానినా? డ్యూకుగారు కౌగిలించుకోగానే మలుగు జారిపోయినట్టు జారిపోతాను. పో, రొట్టెల కొట్టు పిల్లని కూర్చోబెట్టుకో, సన్నగా ఉంటుంది." రొట్టెల కొట్టు పిల్లని కూర్చోబెట్టుకున్నాడు. గీసినదంతా చెరిపేశాడు. మరొకరిని కూర్చోబెట్టాడు, అదీ చెరిపేశాడు. తొమ్మిదో రేకు నునుపుగా, ఖాళీగా ఏడాది పైగా గోడకి ఆనించి ఉండిపోయింది.

ఆ పని మొదలెట్టాక మూడో చలికాలంలో జెలిందా ఊపిరితిత్తులు పాడయ్యాయి. మా ఊరి చుట్టూ ఉన్న సరస్సుల మీంచి లేచిన మంచు ఆ ఏడు గుమ్మాల దాకా వచ్చి కూర్చుంది, ఆవిడ గుండెల్లో కూడా కూర్చుంది. మంచం వంటింట్లో పొయ్యి దగ్గరికి మార్చారు. నేను మాంసం చారు కాచి, మా అలవాటు ప్రకారం అందులో ఎర్ర ద్రాక్షసారా పోసి తీసుకెళ్ళేదాన్ని. రెండు గుక్కలు తాగి, "సారా తక్కువేశావే పిసినారిదానా" అనేది. తర్వాత ఆ మాట అనడానికి కూడా ఊపిరి చాలలేదు.

ఒకరోజు మధ్యాహ్నం నేను అక్కడుండగానే మొగుడితో అంది. "ఆ రేకు తెచ్చుకోవయ్యా. చెక్కుకో. చెయ్యి అడ్డం పెట్టుకునే ఓపిక నాకు లేదు."

అతను తెచ్చుకున్నాడు. ఇసక నింపిన తోలుదిండు మోకాళ్ళ మీద పెట్టుకుని, దాని మీద రేకు పెట్టి, మంచం ఎదురుగా కూర్చున్నాడు. అద్దం గోడకే ఉంది. దాన్లో చూసి చెక్కాలంటే ఆవిడకి వీపు తిప్పి కూర్చోవాలి. వీపు తిప్పలేదు. ఎదురుగా చూస్తూ, తలుపు మీద పేరు చెక్కినంత సూటిగా చెక్కాడు. అలా చెక్కుతున్నానన్న స్పృహ అతనికి లేదు. రేకు పక్కకి వంచి చూపిస్తే జెలిందా కళ్ళు చిట్లించి చూసుకుంది.

"మచ్చ తీసెయ్యకూడదూ? దొరసానికి మచ్చలుంటాయా?"

"తీసేస్తే నువ్వు కావు."

"మొత్తానికి మొండితనం నేర్చుకున్నావు" అంది. చాలా సంతోషంగా అంది. ఫిబ్రవరి దాటకుండానే పోయింది. సమాధి రాయి మీద అందరికీ పింగాణీ బిళ్ళలో ఫొటో ఉంటుంది మా దగ్గర. జెలిందాకి పెట్టడానికి ఫొటో లేదు. ఒట్టి పేరు. అది కూడా అతనే చెక్కాడు.

వసంతంలో తొమ్మిదో రేకు ప్రూఫు తీశారు. తడి కాగితం ఒక మూల పట్టుకుని పైకి లేపిన మాయెస్త్రో దాన్ని ఆరెయ్యడం మర్చిపోయాడు. అంత బాగుంది. ముసుగు తీసి, ఒక్క క్షణం నవ్వబోయి ఆగిపోయిన ముఖం. ఓలిందో దగ్గరికొచ్చి చూశాడు. చాలాసేపు చూసి, "ఈవిడెవరు?" అన్నాడు.

"మీ ఆవిడే కదయ్యా!"

"మచ్చ అటుంది."

నేనూ చూశాను. మచ్చ కుడికంటి కింద. తెగిన కనుబొమ కుడిది. పాపిడి అవతలి వైపు. జెలిందాయే, కానీ కాదు. పలకరింపుకి వచ్చిన చెల్లెలు కూర్చున్నట్టుంది. మాయెస్త్రోకి జరిగింది అప్పుడు అర్థమైంది. ఆయన మంచివాడే, భుజం మీద చెయ్యి వేశాడు. "చందాదారులకి మచ్చ ఎటుంటేనేం ఓలిందో? వాళ్ళెవరూ ఆవిడ దగ్గర చేపలు కొన్నవాళ్ళు కాదు. పుస్తకం మొత్తంలో ఇదే మంచి బొమ్మ."

ఒక ఉపాయం చేసి చూశాడు కూడా. తడి ప్రూఫు మీద ఇంకో కాగితం వేసి ఒత్తితే బొమ్మ మళ్ళీ తిరగబడి సరిగ్గా వస్తుంది. వచ్చింది, బూడిద పూసినట్టు వెలవెలబోతూ. అది చూసి అతను ఇంకా బెంగపడ్డాడు. నేనూరుకోక, "అచ్చుబొమ్మని అద్దంలో చూసుకో, సరిగ్గా కనిపిస్తుంది" అన్నాను.

"చూశాను. పక్కన నేనూ కనిపిస్తున్నాను. ఒక్కణ్ణే" అన్నాడు.

సరైన జెలిందా రాగిరేకులోనే ఉంది. కిటికీ దగ్గర పెట్టి కాస్త వంచితే వెలుగు గీతల్లోకి పోయి, ఎడమ కంటి కింద మచ్చతో, ఎడమ కనుబొమలో ఆ సందుతో ఆవిడ లేచొచ్చేది. పుస్తకం అచ్చవుతున్నంత కాలం సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చి, మరవాళ్ళు సిరా తుడిచేదాకా ఆగి, ఆ రేకు చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర నిలబడేవాడు. ఇంట్లో వంటింటి గోడకి, మంచం ఉండిన చోటికి ఎదురుగా, దానికోసం వాల్‌నట్ చెక్కతో చట్రం చేసి తగిలించాడు. ఖాళీ చట్రం. "పుస్తకాలు అయిపోగానే రేకు ఇంటికి తెచ్చుకుంటా" అని కాఫీ కొట్టులో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాడు. అడగాల్సిన మాయెస్త్రోని మాత్రం అడగలేదు. అడగడం అతనికి చేతకాదు.

పుస్తకాలయ్యాక రేకుల గతి ఏమిటో మాయెస్త్రో చెప్పలేదు. ఆయన దృష్టిలో అది చెప్పాల్సిన సంగతే కాదు. పుస్తకం వాళ్ళందరికీ తెలిసినదే. తలుపుల మీద పేర్లు చెక్కేవాడికి ఎలా తెలుస్తుందన్న ఆలోచన ఆయనకి తట్టలేదు. నాకూ తెలీదు. అంతకుముందు మేం వేసినవన్నీ ఒట్టి అక్షరాల పుస్తకాలు, రేకుబొమ్మల పుస్తకం ఇదే మొదటిది.

ఆఖరి ఫారం మడుస్తూ చివరి పేజీ చదివాను. కాగితం ఏ మిల్లుది, అక్షరం ఏ పోతది, కాపీలెన్ని, అన్నీ వరసగా ఉన్నాయి. కింద ఇలా ఉంది: 'ఈ నాటకానికి రేకులు చెక్కిన ఓలిందో గోర్ని, కాపీలు పూర్తయిన పిమ్మట, చందాదారుల సమక్షంలో వాటిని తన చేతితోనే కొట్టివేశాడు.'

ఇంకా జరగని పని జరిగిపోయినట్టు అచ్చయి ఉంది. నూట పాతికసార్లు.

మాయెస్త్రో దగ్గరికి పరిగెత్తాను. "కొట్టివేశాడంటే?"

"గీత పెట్టడం. ఈ మూల నించి ఆ మూలకి, ఆ మూల నించి ఈ మూలకి. ఇక ఎవరూ ఆ రేకుతో మరో కాపీ తియ్యకుండా. ఏం, కొత్తగా అడుగుతావు?"

"ఓలిందోకి చెప్పారా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "తెలియదా అతనికి?"

నేనే వెళ్ళి చెప్పాను. కుక్క బిళ్ళ మీద పేరు చెక్కుతున్నాడు. విన్నాడు. చేతిలో ఉన్న అక్షరం పూర్తిచేశాడు. నాకు తెలిసి జీవితంలో మొదటిసారి "కుదరదు" అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడంటే, చెక్కుడు ఉలి పక్కన పెట్టిన చప్పుడే ఎక్కువ వినబడింది.

ఇద్దరం కలిసి మాయెస్త్రో దగ్గర కూర్చున్నాం. అడిగింది నేనే, పక్కనున్నవాడు టోపీ అంచు తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఎనిమిది కొట్టెయ్యండి, తొమ్మిదోది వదిలెయ్యండి అన్నాను. చందాదారులకి మాట ఇచ్చాను అన్నాడాయన. మూలన ఎక్కడో చిన్న గీత పెడితే చాలదా అన్నాను.

"వేరే ఊళ్ళో ఒక ప్రెస్సువాడు అలాగే చేశాడమ్మా. తర్వాత ఎవడో ఆ మూల కత్తిరించేసి రేకు మళ్ళీ అచ్చేశాడు. అప్పట్నించీ మూల నించి మూలకి, నడి బొమ్మ మీదుగా గీయాలన్నది కట్టుబాటు. ఆ రెండు గీతలూ కలిసేచోట..."

ఆయన ఆగిపోయాడు. రెండు గీతలూ కలిసేచోట దొరసాని ఉంది. దర్బారు మధ్యలో నిలబడక దొరసాని ఇంకెక్కడ నిలబడుతుంది?

"నా ఒక్కడి చేతిలో ఉంటే ఈ క్షణం ఇచ్చేసేవాణ్ణి ఓలిందో. చందాదారుల సంఘం ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు. ఆదివారం కొట్టివేతకని వాళ్ళ పెద్ద కొమ్మెందతోరె పిరోవానో శనివారమే దిగుతున్నాడు. వెళ్ళి అడగండి."

కొమ్మెందతోరె అంటే సర్కారు ఇచ్చిన బిరుదు. మనిషి గుండీల ఫ్యాక్టరీల యజమాని. శనివారం మధ్యాహ్నం హోటల్లో గుమ్మడికాయ కూరిన తోర్తెల్లి పిండిబిళ్ళలు తింటున్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. కుర్చీలు తెప్పించాడు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి బయటపడేదాన్ని. ఎంతో మర్యాదస్తుడు. నా తిట్లన్నీ గొంతులోనే ఉండిపోయాయి.

ఈసారి ఓలిందోయే చెప్పాడు. పెళ్ళి ఫొటోలో అరచెయ్యి, చెయ్యి అడ్డం పెట్టుకునే ఓపిక లేదన్న మాట, వీపు తిప్పలేకపోవడం, మచ్చ. అంత పొడుగు మాట అతని నోటి వెంట నేనెప్పుడూ వినలేదు. కొమ్మెందతోరె ఫోర్కు కింద పెట్టేశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నిజం నీళ్ళే, నాటకం కాదు.

"ఎంత గొప్ప సంగతి! మాయెస్త్రో ఒక్క ముక్క చెప్పలేదే! ఆ తొమ్మిదో బొమ్మలో ఏదో ఉందని నాకు అనిపిస్తూనే ఉంది. సిన్యోర్ గోర్ని, ఇది మా సభ్యులందరికీ తెలియాలి."

"తెలిస్తే రేకు వదిలేస్తారా సిన్యోర్?" అన్నాడు ఓలిందో.

"నా ఒక్కడి ఇష్టమైతే వేరు. కానీ నూట పాతిక మంది ఉన్నారు, చివరి పేజీ అచ్చయిపోయింది. ఒక్క రేకు వదిలితే పుస్తకం అబద్ధం చెప్పినట్టవుతుంది. రేపు సభ్యుల్ని అడుగుతాను. తప్పకుండా అడుగుతాను." ఓదార్పుగా అన్నాడు. "కొట్టేసిన రేకులు మొదటి తొమ్మిది కాపీల పెట్టె మూతల్లో బిగిస్తారు. తొమ్మిదోది నా వంతుకొచ్చింది. మీరెప్పుడు మిలాను వచ్చినా మా ఇంటికొచ్చి చూసుకోవచ్చు. మీ ఇల్లే అనుకోండి."

బయటికొచ్చాక నాకు కోపం ఆగలేదు. "ఇంకో రేకు తెచ్చి దొంగది చెక్కి పారెయ్యి. దానిమీద గీతలు పెట్టు. వీళ్ళ ముఖాలకి తేడా తెలుస్తుందా?"

"ఎవర్ని చూసి చెక్కను ఆర్జియా?"

"పోనీ ఆ రేకు ఎత్తుకుపో. నేను తలుపు తీసి పెడతాను."

"మాయెస్త్రో మాట ఇచ్చాడు కదా" అన్నాడు. పెళ్ళాం ముఖం పోతుంటే మాయెస్త్రో మాట పోతుందని చూసే మనిషిని ఏం చెయ్యను? అతని భుజాలు పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. చెయ్యి పట్టుకుని ఇంటి దాకా నడిపించాను.

ఆదివారం ప్రార్థనలయ్యాక అందరూ ప్రెస్సులో చేరారు. చందాదారుల్లో పాతికమంది దాకా వచ్చారు. మంచి కోట్లు, మంచి టోపీలు. బాదం పలుకుల స్బ్రిసొలొనా కేకు చేతుల్తో విరుచుకుని తింటూ ఎర్ర ద్రాక్షసారా తాగుతున్నారు. నేను పళ్ళెం పట్టుకుని తిరుగుతున్నాను. కొమ్మెందతోరె గ్లాసు మీద చెంచాతో కొట్టి అందర్నీ నిశ్శబ్దం చేశాడు. జెలిందా కథ చెప్పాడు. నాకంటే బాగా చెప్పాడు. ఆడవాళ్ళు చేతిరుమాళ్ళు తీశారు. ఒకాయన తన కాపీ తెప్పించుకుని, ప్రెస్సులో నేను కుట్టిన పుస్తకం మొట్టమొదటిసారి నా కళ్ళముందే విప్పి, తొమ్మిదో బొమ్మ దగ్గర మచ్చ మీద వేలు పెట్టి పక్కవాడికి చూపించాడు.

ఇచ్చిన మాట ప్రకారం కొమ్మెందతోరె అడిగాడు కూడా. "మరి ఈ రేకు విషయంలో సభ్యుల అభిప్రాయం ఏమిటి?"

ఎవరూ వద్దనలేదు, ఎవరూ ఔననలేదు. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నాకైతే ఏమీ ఫర్వాలేదు గానీ మిగతావాళ్ళు, అన్నాడొకాయన. రానివాళ్ళ సంగతేమిటి మరి, అంది ఒకావిడ. ఇంత కథ తెలిశాక ఆ రేకు కొట్టివేతే కదండీ అసలు ఘట్టం, అన్నాడు వెనకనుంచి ఇంకో ఆయన. మెల్లగానే అన్నాడు, కానీ అందరి తలలూ ఊగాయి. ఓలిందోని హోటలుకి తీసుకెళ్ళి మనసులో ఉన్నదంతా చెప్పించింది నేనే కదా, దాన్ని కూడా పుస్తకం విలువలో కలిపేసుకున్నారు.

ఓలిందో బల్ల దగ్గర కూర్చున్నాడు. తోలుదిండు మీద మొదటి రేకు. ఫౌస్తో డ్యూకు మీదుగా రెండు గీతలు. రెండోది. మూడోది. పాదిరీగారు, నేను, నా ముక్కు, అన్నిటి మీదుగా ఉలి తిన్నగా పోయింది. ఎనిమిదీ అయ్యాయి.

తొమ్మిదోది దిండు మీద పెట్టుకుని అలవాటు కొద్దీ కిటికీ వైపు వంచాడు. మాయెస్త్రో దగ్గరికొచ్చి, "నేను గీయనా?" అన్నాడు చెవిలో. అతను తల అడ్డంగా ఊపాడు. ఒక గీత గీశాడు. మధ్యకి రాగానే చెయ్యి తేలిపోవడం నేను చూశాను. రెండో గీత కూడా అంతే. మూలల్లో లోతుగా, నడుమ వెంట్రుకంత.

కట్టుబాటు ప్రకారం కొట్టేసిన రేకుకి సిరా పూసి ప్రూఫు తీశారు. కాగితం ఎత్తారు. దర్బారు నాలుగు మూలల నించీ నల్లటి గీతలు వచ్చి, దొరసాని ముఖం దగ్గరకొచ్చేసరికి సన్నబడి మాయమయ్యాయి. అక్కడ సిరా పట్టలేదు. ముఖం చెక్కు చెదరలేదు.

కొమ్మెందతోరె ప్రూఫు బల్ల మీద పెట్టాడు. మాయెస్త్రో వైపు చూశాడు, అంతే. మాయెస్త్రో ముఖం పాలిపోయింది.

"ఓలిందో" అన్నాడు. "అచ్చులో పడలేదయ్యా. ఇంకోసారి."

ఓలిందో రేకు మీది సిరా తుడిచాడు. మళ్ళీ దిండు మీద పెట్టాడు. ఈసారి రెండు చేతులూ వాడాడు, ఒకటి ఉలికి, ఒకటి రేకుకి. ఎడమ కంటి కింద మొదలుపెట్టి లోతుగా గీశాడు. రాగి తరక చుట్టలుగా లేచింది. దాన్ని వేలితో తియ్యలేదు. పసిపిల్ల కంట్లో నలుసు పడితే ఊదినట్టు, వంగి ముఖం మీద మెల్లగా ఊదాడు. ఆ తర్వాత రెండో గీత గీశాడు. మళ్ళీ ఊదాడు.

ప్రూఫు ఎత్తారు. ఈసారి నిండుగా పడింది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు, చాలాసేపు కొట్టారు. అందరూ తన వైపే చూస్తూ కొడుతుంటే ఏం చెయ్యాలో తెలియక, ఉలి బల్ల మీద పెట్టి, ఓలిందో కూడా కొట్టాడు.